పాత పాట మళ్లీ నంబర్ వన్ ఎలా అవుతుంది? ఇదంతా అదృష్టమేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విడుదలైనప్పుడు అంతంతమాత్రంగా ఆడిన పాట ముప్పై, నలభై ఏళ్ల తర్వాత చార్ట్‌లో నంబర్ వన్‌కి ఎలా వస్తుంది? పని అయిపోయిందనుకున్న గాయకులు మళ్లీ ఎలా లేస్తారు? ఇది అదృష్టమా, వెనకనుంచి కంపెనీలు నడిపించే వ్యవహారమా? చివర్లో మీ తమ్ముడి సంగతి కూడా రాశారు. రెండేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో నాలుగు పాటలు పెట్టాడని, ఎవరూ వినలేదని, ఇప్పుడు వాటిని తీసేద్దామనుకుంటున్నాడని, వాటి మీద ఇంకా ఆశ పెట్టుకోవచ్చా అని.

ముందు సూటిగా జవాబు చెప్తాను. తీసేయొద్దని చెప్పండి. ఇక మొదటి ప్రశ్న. అదృష్టం ఉంది, కాదనను. కానీ నేను చూసినంతలో ఇలాంటి మలుపుల్లో చాలావాటికి కారణం పాటలో ఉండదు. లెక్కపెట్టే పద్ధతి మారుతుంది, దాంతో పాట తలరాత మారుతుంది. మిగతావాటిలో పాటకి కొత్త దారి దొరుకుతుంది. అది ఒక సీరియల్ కావచ్చు, సినిమా కావచ్చు, పదిహేను సెకన్ల వీడియో కావచ్చు. ఆ దారి ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరి చేతిలోనూ లేదు. తెరుచుకున్న రోజున పాట జనానికి అందేలా ఉందా లేదా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

నేను పదకొండేళ్లు రేడియోలో పాటల ఎంపిక చూశాను. ఆ తర్వాత పన్నెండేళ్లుగా, లేబుల్ (రికార్డు కంపెనీ) లేని గాయకుల పాటల్ని స్ట్రీమింగ్ సర్వీసులకి చేర్చే పనిలో ఉన్నాను. కాబట్టి చార్ట్‌ని బయటినుంచీ చూశాను, లోపలినుంచీ చూశాను.

రేడియోలో చేరిన కొత్తలో నా టేబుల్ మీద ఒక రూళ్ల పుస్తకం ఉండేది. శ్రోతలు ఫోన్ చేసి ఏ పాట అడిగితే దాని పేరు రాసి, పక్కన ఒక గీత పెట్టాలి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. వారం చివర ఆ గీతలు కూడితే మా టాప్ ట్వంటీ తయారయ్యేది. ఒకసారి రాత్రి షిఫ్టు చూసే అబ్బాయికి జ్వరం వచ్చి వారమంతా రాలేదు. రాత్రి పది తర్వాత వచ్చిన ఫోన్లు ఎవరూ రాయలేదు. అంతకు ముందు వారం నాలుగో స్థానంలో ఉన్న ఒక నెమ్మది పాట, ఎక్కువగా రాత్రిపూట అడిగే పాట, లిస్టులోనే కనిపించలేదు. పాట మారలేదు. వినేవాళ్లు మారలేదు. రాసేవాడు లేడు, అంతే. అప్పటినుంచి ఏ చార్ట్ చేతికొచ్చినా నాకు మొదట వచ్చే ఆలోచన ఒకటే. ఇక్కడ రాసేవాడెవరు, దేన్ని రాస్తున్నాడు?

ఇది మా చిన్న స్టేషన్‌కే పరిమితమైన సంగతి అనుకోకండి. అమెరికాలో బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక వేసే ఆల్బమ్ చార్ట్ 1991 మే దాకా చాలావరకు షాపులవాళ్లు చెప్పిన మాట మీదే నడిచింది. ఏ ఆల్బమ్ బాగా పోతోందో షాపువాళ్లు వరసగా చెప్పేవారు. వాళ్లకి ఏది గుర్తుంటే అది, ఏది గొప్పగా అనిపిస్తే అది. ఆ నెలలో సౌండ్‌స్కాన్ పద్ధతి వచ్చింది. క్యాష్ కౌంటర్ దగ్గర బార్‌కోడ్ చదివిన ప్రతి కాపీ లెక్కలోకి వెళ్లింది. జూన్ వచ్చేసరికి ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ బృందం ఆల్బమ్ నంబర్ వన్ అయింది. సెప్టెంబర్‌లో గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ 'రోపిన్ ద విండ్' నేరుగా మొదటి స్థానంలోనే అడుగుపెట్టింది. అంతకుముందు కంట్రీ, అంటే అమెరికా పల్లె బాణీల సంగీతం, ఆల్బమ్ దేనికీ అలా జరగలేదు. ర్యాప్ వినేవాళ్లు, కంట్రీ వినేవాళ్లు నాలుగు నెలల్లో పుట్టుకొచ్చారా? ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్లు కొన్నది అప్పటిదాకా ఎవరూ సరిగ్గా రాయలేదు. ఎంతమంది మంచి కళాకారులు ఆ ముందు ఏళ్లలో 'ఆడలేదు' అనే ముద్రతో వెళ్లిపోయారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సింగిల్స్, అంటే విడి పాటల, చార్ట్ కథ ఇంకా విచిత్రం. బిల్‌బోర్డ్ వాళ్ల హాట్ 100 చార్ట్ 1958 ఆగస్టులో మొదలైంది. 1998 చివరిదాకా అందులో ఒక షరతు ఉండేది. పాటను విడిగా సింగిల్‌గా షాపులో అమ్మితేనే చార్ట్‌లో చోటు. తొంభైల్లో కంపెనీలు ఏం చేశాయంటే, హిట్ అయ్యే పాటను విడిగా అమ్మడం మానేశాయి. ఒక్క పాట కోసం జనం మొత్తం ఆల్బమ్ కొంటారని లెక్క. దాంతో నో డౌట్ బృందం పాడిన 'డోంట్ స్పీక్' రేడియోలో ఎంతగా వేశారో లెక్కపెట్టే ఎయిర్‌ప్లే చార్ట్‌లో 16 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది, హాట్ 100లో మాత్రం ఒక్క వారం కూడా లేదు. నటాలీ ఇంబ్రూలియా పాట 'టార్న్' 11 వారాలు ఎయిర్‌ప్లేలో నంబర్ వన్. 1998 డిసెంబర్‌లో షరతు ఎత్తేసే సమయానికి దాని ఊపు తగ్గిపోయింది. హాట్ 100లో దానికి దొరికిన అత్యుత్తమ ర్యాంకు 42. ఆ రోజుల్లో రేడియో విన్న ఎవరినైనా అడగండి, ఆ పాట 42వ స్థానం పాటేనా అని.

'గాంగ్నమ్ స్టైల్' సంగతి చాలామందికి తెలుసు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 2012 డిసెంబర్ 21న యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటిన మొదటి వీడియో అది. హాట్ 100లో మాత్రం ఏడు వారాలు రెండో స్థానంలోనే నిలబడిపోయింది. అప్పటికి యూట్యూబ్ వ్యూస్ లెక్కలో లేవు. రెండు నెలలకి, 2013 ఫిబ్రవరిలో, వాటిని కలిపారు. కలిపిన వారమే, యూట్యూబ్‌ని ఊపేస్తున్న 'హార్లెమ్ షేక్' పాట నేరుగా నంబర్ వన్‌గా వచ్చింది. ఆ నిబంధన ఒక్క ఆరు నెలలు ముందు వచ్చి ఉంటే సై అనే ఆ కొరియన్ గాయకుడు హాట్ 100 శిఖరం ఎక్కేవాడని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు బ్రిటిష్ గాయని కేట్ బుష్. మీ ప్రశ్నకి అసలైన ఉదాహరణ ఈమే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఆమె 1978లో 19 ఏళ్ల వయసులో 'వదరింగ్ హైట్స్' పాటతో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 1985లో 'రన్నింగ్ అప్ దట్ హిల్' వచ్చింది. బ్రిటన్‌లో మూడో స్థానం, అమెరికాలో ముప్పయ్యో స్థానం. ఫ్లాప్ కాదు, మంచి హిట్టే. కానీ అక్కడితో దాని కథ అయిపోయిందనే అందరూ అనుకున్నారు. 2022 మే చివర్లో 'స్ట్రేంజర్ థింగ్స్' అనే నెట్‌ఫ్లిక్స్ సీరియల్ నాలుగో సీజన్ వచ్చింది. అందులో మ్యాక్స్ అనే అమ్మాయి హెడ్‌ఫోన్స్‌లో ఎప్పుడూ వినే పాట ఇది. చావు అంచున ఉన్న ఆ అమ్మాయిని వెనక్కి లాగేది ఈ పాటే. చూసినవాళ్లకి పాట వెనకాల వాయించినట్టు అనిపించదు. కథలో ఒక మనిషిలా పని చేస్తుంది. సినిమాల్లో, సీరియల్స్‌లో రోజూ ఎన్నో పాత పాటలు వినిపిస్తాయి, ఏదీ కదలదు. ఇది కదలడానికి కారణం అదే. సీన్ అయిపోగానే ఆ పాట పూర్తిగా వినాలని అనిపించేలా కథలో అల్లారు.

ఇక్కడ మళ్లీ రాసేవాడి సంగతి వస్తుంది. బ్రిటన్ చార్ట్‌లో పాత పాటల స్ట్రీమ్‌లకి విలువ సగమే. కొత్త పాటలకి చోటు ఉండాలని పెట్టుకున్న నిబంధన అది. దానివల్ల జూన్ రెండో వారంలో కేట్ బుష్ పాట రెండో స్థానంలో ఆగిపోయింది. అప్పుడు చార్ట్ నడిపే ఆఫీషియల్ చార్ట్స్ కంపెనీ ఈ పాటకి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. జూన్ 17న పాట నంబర్ వన్ అయింది. విడుదలైన 37 ఏళ్లకి. ఆమె మొదటి నంబర్ వన్‌కీ దీనికీ మధ్య 44 ఏళ్లు. అప్పుడామె వయసు 63. అమెరికాలో కూడా మూడో స్థానం దాకా వెళ్లింది.

మినహాయింపు ఇవ్వడం న్యాయమేనా అని అప్పట్లో మా వాళ్లలో పెద్ద వాదన నడిచింది. న్యాయమే అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. వెనకటి అభిమానులు అలవాటుగా వింటున్న పాటకి సగం విలువ కట్టడంలో అర్థం ఉంది. పదిహేనేళ్ల పిల్లలు మొదటిసారి విని, స్నేహితులకి పంపుకుంటున్న పాట వాళ్లకి కొత్త పాటే. అది ఎప్పుడు రికార్డ్ చేశారన్నది వాళ్ల చెవులకి పట్టని విషయం.

పండగ పాటలది వేరే లెక్క, అందుకే వాటిని చూసి ఆశలు పెంచుకోవద్దంటాను. వామ్ బృందం 'లాస్ట్ క్రిస్మస్' 1984లో బ్రిటన్‌లో రెండో స్థానంలో ఆగింది. దాన్ని ఆపింది బ్యాండ్ ఎయిడ్ వాళ్ల చారిటీ పాట. ఆ చారిటీ పాటలో కూడా వామ్ గాయకుడు జార్జ్ మైకేల్ గొంతు ఉంది. తన పాటని తనే అడ్డుకున్నట్టయింది. 'లాస్ట్ క్రిస్మస్' చివరికి 2021 జనవరి మొదటి చార్ట్‌లో నంబర్ వన్ అయింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. చనిపోయింది కూడా క్రిస్మస్ రోజునే, 2016లో. అమెరికన్ గాయని మరయా కేరీ 1994 క్రిస్మస్ పాట హాట్ 100లో నంబర్ వన్ అయింది 2019 డిసెంబర్‌లో. బ్రెండా లీ 13 ఏళ్ల వయసులో, 1958లో పాడిన క్రిస్మస్ పాట 2023 డిసెంబర్‌లో, ఆమెకి 78 ఏళ్లున్నప్పుడు నంబర్ వన్ అయింది. వినడానికి అద్భుతం. కానీ దీని వెనక యంత్రాంగం తేలిక. పూర్వం ఒకసారి క్యాసెట్టో సీడీనో కొన్నవాళ్లు ప్రతి డిసెంబర్‌లో ఇంట్లో వేసుకుంటే చార్ట్‌కి తెలిసేది కాదు. స్ట్రీమింగ్ వచ్చాక విన్న ప్రతిసారీ లెక్కలో పడుతోంది. ఇంట్లో జరిగేది ఇప్పుడు వీధికి కనిపిస్తోంది, అంతే తేడా.

నెమ్మదిగా ఎక్కే పాటలు కూడా ఉంటాయి. గ్లాస్ యానిమల్స్ పాట 'హీట్ వేవ్స్' 2020 జూన్‌లో వచ్చింది. హాట్ 100లో నంబర్ వన్ అయింది 2022 మార్చిలో, చార్ట్‌లో తన 59వ వారంలో. రేడియోలో నా రోజుల్లో ఒక పాట ఆరు వారాల్లో పుంజుకోకపోతే రొటేషన్ నుంచి, అంటే రోజూ వేసే పాటల లిస్టు నుంచి, తీసేసేవాళ్లం. నేనే ఎన్ని తీసేశానో. ఆ ఆరు వారాల గడువు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. వాటిలో కనీసం కొన్ని నా వల్ల ఆగిపోయాయన్న మాట నిజం.

పాట కథ వేరు, పాడినవాళ్ల కథ వేరు. చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. పాట తిరిగి లేచినంత మాత్రాన గాయకుడు లేవడు. గాయకుడు లేవడానికి ఒక్కోసారి పాత పాట అవసరమే లేదు.

అమెరికన్ గాయని టీనా టర్నర్‌ని చూడండి. 1976లో భర్త ఐక్ టర్నర్ దెబ్బలు భరించలేక హోటల్ గదిలోంచి బయటికి నడిచినప్పుడు ఆమె దగ్గర ఉన్నవి 36 సెంట్లు, ఒక పెట్రోల్ కంపెనీ కార్డు. విడాకుల్లో ఆస్తుల కోసం కొట్లాడలేదు, తన పేరు తనకి ఉంటే చాలంది. తర్వాత కొన్నేళ్లు హోటళ్లలో, చిన్న వేదికల మీద పాడింది. వ్యాపారంలో ఉన్నవాళ్లు ఆమెని పాతకాలం గాయనిగా లెక్కగట్టేశారు. 1984 సెప్టెంబర్‌లో 'వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్' హాట్ 100లో నంబర్ వన్ అయింది. అప్పుడామెకి 44 ఏళ్లు. ఆ పాట మొదట్లో ఆమెకి నచ్చనే లేదు. ఇందులో అదృష్టం ఎంత? నాకైతే చాలా తక్కువ కనిపిస్తుంది. ఎవరూ చూడని ఆ ఎనిమిదేళ్లలో ఆమె ఒక్క రోజు కూడా గొంతుని పడుకోనివ్వలేదు. పిలుపు వచ్చేసరికి సిద్ధంగా ఉంది.

మరయా కేరీది మరో రకం పతనం. 2001లో 'గ్లిటర్' సినిమా దెబ్బతింది, దాని ఆల్బమ్ సెప్టెంబర్ 11నే విడుదలైంది. కొత్తగా భారీ కాంట్రాక్ట్ ఇచ్చిన కంపెనీ, 2002 మొదట్లో 2.8 కోట్ల డాలర్లు చేతిలో పెట్టి మరీ ఆ కాంట్రాక్ట్ తెంచుకుంది. పాడొద్దని డబ్బిచ్చి పంపించడం కన్నా పెద్ద అవమానం ఏముంటుంది. మూడేళ్ల తర్వాత 2005లో 'వి బిలాంగ్ టుగెదర్' 14 వారాలు నంబర్ వన్‌గా ఉంది. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటాం కదా, ఈ వ్యాపారంలో అది నాలుగేళ్లలో రెండుసార్లూ జరిగిపోతుంది.

బ్రిటిష్ గాయకుడు రిక్ ఆస్ట్లీ పాట 1987లో ఐదు వారాలు బ్రిటన్ నంబర్ వన్. అతను 1993లో 27 ఏళ్లకే పాడటం మానేశాడు. 2007 నుంచి ఇంటర్నెట్‌లో ఏదో లింక్ నొక్కితే అతని ఆ పాట వచ్చేలా ఆటపట్టించడం మొదలైంది. అతను దాన్ని అవమానంగా తీసుకోలేదు, అలాగని దాని మీదే బతకలేదు. కొత్త పాటలు తనే రాసుకుని, వాయిద్యాలు కూడా తనే వాయించుకుని 2016లో '50' అనే ఆల్బమ్ చేశాడు. అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకి నేను తరచూ చెప్పే ఉదాహరణ ఇది. జనం మీ పాటని ఏ కారణంతో వెతుక్కుంటూ వచ్చినా, వచ్చినవాళ్లకి వినిపించడానికి మీ దగ్గర ఇంకొకటి ఉండాలి.

ఈమధ్య కాలంలో అమెరికన్ గాయని చాపెల్ రోన్. 2020 ఏప్రిల్‌లో 'పింక్ పోనీ క్లబ్' వచ్చింది. అదే ఏడాది లేబుల్ ఆమెని వదిలేసింది. తిరిగి అమ్మానాన్నల దగ్గరికి వెళ్లి మామూలు ఉద్యోగం చేసుకుంది. అదే పాట 2025 మార్చిలో బ్రిటన్ నంబర్ వన్ అయింది, ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ అవార్డు అందుకున్న నెల తర్వాత. ఆ గ్రామీ వేదిక మీద ఆమె తన విజయం గురించి కాదు, కొత్త కళాకారులకి కంపెనీలు బతకడానికి సరిపడా జీతం, ఆరోగ్య బీమా ఇవ్వాలని మాట్లాడింది. ఆ వీడియో నేను ఆఫీసులో అందరికీ చూపించాను.

అన్నీ ఇలా సుఖాంతాలు కావు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. రోడ్రిగెజ్ విషయంలో అది తలకిందులైంది. అమెరికాలోని డెట్రాయిట్‌కి చెందిన ఈ గాయకుడి 'కోల్డ్ ఫ్యాక్ట్' ఆల్బమ్ 1970లో వచ్చింది, అమెరికాలో ఎవరూ కొనలేదు. రెండో ఆల్బమ్ కూడా పోవడంతో అతను పాత ఇళ్లు కూలగొట్టే కూలి పనికి వెళ్లిపోయాడు. అటు దక్షిణాఫ్రికాలో అదే ఆల్బమ్ ఒక తరం మొత్తానికి నోటికొచ్చింది. అతను వేదిక మీదే ఆత్మహత్య చేసుకున్నాడని అక్కడ కథలు కూడా పుట్టాయి. ఆ దేశంలో తనకింత పేరుందని దశాబ్దాలపాటు అతనికి తెలియనే తెలియదు. అభిమానులు వెతికి పట్టుకున్నాక 1998లో అక్కడికి వెళ్లి కిక్కిరిసిన హాళ్లలో పాడాడు. అతని మీద తీసిన డాక్యుమెంటరీకి 2013లో ఆస్కార్ వచ్చింది. ఇది వినగానే అందరూ 'ఎంత గొప్ప కథ' అంటారు. నాకు ముందు గుర్తొచ్చేది ఆ మధ్యలో గడిచిన పాతికేళ్లే. అమ్మిన రికార్డుల లెక్క పాడిన మనిషిదాకా చేరలేదు. అది విధి ఆడిన ఆట కాదు, కాగితాలు సరిగ్గా లేకపోవడం.

అమెరికన్ గాయని ఈవా క్యాసిడీకి ఆ పాటి కూడా దక్కలేదు. 1996 నవంబర్‌లో 33 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయింది. చనిపోయాక వచ్చిన 'సాంగ్‌బర్డ్' ఆల్బమ్‌లోని పాటల్ని బీబీసీ రేడియో 2లో వ్యాఖ్యాత టెర్రీ వోగన్ వేశారు. వాషింగ్టన్‌లోని బ్లూస్ ఆలీ క్లబ్‌లో చిన్న కెమెరాతో తీసిన ఆమె వీడియోని బీబీసీ టీవీలో చూపించారు. 2001 మార్చిలో ఆల్బమ్ బ్రిటన్ నంబర్ వన్. ఆ వీడియో మసక మసగ్గా ఉంటుంది. ఒక గిటార్, ఒక మనిషి. ఆ రాత్రి ఎవరో కెమెరా పట్టుకుని అక్కడ నిలబడకపోతే మనకి ఆ మనిషే లేదు.

కంపెనీలే నడిపిస్తాయా అని అడిగారు. కొంతవరకు నడిపిస్తాయి. ప్రచారానికి డబ్బు పోస్తే మొదటి వారం కొనుక్కోవచ్చు. మిల్లీ వనిల్లీ అనే పాప్ జంటకి 1989 ఒక్క ఏడాదిలో హాట్ 100లో మూడు నంబర్ వన్‌లు వచ్చాయి, 1990 ఫిబ్రవరిలో గ్రామీ కూడా వచ్చింది. ఆ పాటలు పాడింది వాళ్లు కాదని బయటపడ్డాక 1990 నవంబర్‌లో గ్రామీ వెనక్కి తీసుకున్నారు. నిర్మాత తెలివి అక్కడిదాకా పని చేసింది. మోసానికి ప్లాన్ వేసిన మనిషి కన్నా ముందు నిలబడిన ఇద్దరు కుర్రాళ్లే ఎక్కువ నష్టపోయారు. ఇక ముప్పై ఏళ్ల తర్వాత పాట లేవడం లాంటివి ఏ కంపెనీ ప్లాన్‌లోనూ ఉండవు. లేచాక వెనక పరిగెత్తుతాయి.

ఇప్పుడు నా దగ్గర జరిగింది చెప్తాను, ఎందుకంటే మీ తమ్ముడికి పనికొచ్చేది ఇదే.

ఒకమ్మాయి, పేరు చెప్పను. చదువుకునే రోజుల్లో ఒక పాట రికార్డ్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆరేళ్లు గడిచాయి. ఉద్యోగం, పెళ్లి, ఒక బాబు. ఒక రాత్రి స్నేహితురాలు ఎవరిదో డ్యాన్స్ వీడియో పంపి 'ఇది నీ గొంతే కదా' అని అడిగింది. పాటని వేగం పెంచి వాడారు, గొంతు సన్నగా, చిన్నపిల్లలా వినిపిస్తోంది. ఆమె రెండుసార్లు విని కాదేమో అనుకుందట. మూడోసారి, చరణం చివర ఊపిరి తీసుకున్న చోట గుర్తుపట్టింది. అక్కడ ఊపిరి శబ్దం వినిపిస్తోందని రికార్డింగ్ రోజు మళ్లీ మళ్లీ పాడించారట, ఎన్నిసార్లు పాడినా అది పోలేదట.

మర్నాడు పొద్దున నాకు ఫోన్ చేసింది. అప్పటికే అదే ముక్క మీద వందల వీడియోలు వచ్చాయి. జనం పూర్తి పాట కోసం వెతుకుతున్నారు. పాట ఎక్కడా లేదు. ఆమె అప్పట్లో వాడిన సంస్థకి ఏటా కట్టాల్సిన రుసుము కట్టకపోతే వాళ్లు పాటని తీసేశారు. ఆ హెచ్చరికలు ఎప్పుడో వాడటం మానేసిన మెయిల్‌కి వెళ్లాయి. మంచి క్వాలిటీ ఫైల్ ఆమె దగ్గర లేదు, స్టూడియో మూతపడింది. గిటార్ వాయించి, ట్యూన్‌లో సగం చేసిన కుర్రాడితో కాగితం మీద ఒప్పందం లేదు, అతని నంబర్ మారిపోయింది. అతన్ని పట్టుకుని, ఫైల్ సంపాదించి, వాటాలు రాసుకుని, పాట మళ్లీ వినబడేసరికి నలభై ఒక్క రోజులు పట్టింది. ఆలస్యం అమృతం విషం అన్నది ఊరికే కాదు. అప్పటికి ఆ వీడియోల అల వెళ్లిపోయింది. వెతికినవాళ్లకి ఈలోపు ఇంకెవరో పాడి పెట్టిన వెర్షన్ దొరికింది, చాలామంది దాంతోనే సరిపెట్టుకున్నారు.

ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ నలభై ఒక్క రోజుల్లో కనీసం పది రోజులు నా తరఫున వృథా అయ్యాయని నాకు తెలుసు. ఫైల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఉన్న క్వాలిటీతోనే ముందు పెట్టేసి ఉండాల్సింది. అప్పటినుంచి నేను ఎవరి పాట తీసుకున్నా ముందు కాగితాలు అడుగుతాను, పాట తర్వాత వింటాను.

కాబట్టి మీ తమ్ముడికి నేను చెప్పేది ఇది. ఆ నాలుగు పాటలు ఉన్నచోటే ఉండనివ్వమనండి. వాటిని మోయడానికి అయ్యే ఖర్చు తక్కువే, తీసేసి మళ్లీ పెడితే వచ్చే తలనొప్పి ఎక్కువ. ప్రతి రికార్డింగ్‌కి ఐఎస్‌ఆర్‌సీ అని అక్షరాలు, అంకెలు కలిపి పన్నెండుండే గుర్తింపు కోడ్ ఒకటి ఉంటుంది, నాలుగిటివీ రాసి పెట్టుకోమనండి. ఎప్పుడైనా వేరే సంస్థకి మారాల్సి వస్తే అదే కోడ్ ఇవ్వాలి, కొత్త కోడ్ తీసుకుంటే పాత ప్లే కౌంట్‌తో సంబంధం తెగిపోతుంది. పాత అకౌంట్‌లో ఇప్పుడు వాడే మెయిల్, ఫోన్ నంబర్ ఉన్నాయో లేదో చూడమనండి. మాస్టర్ ఫైళ్లు, అంటే పూర్తి క్వాలిటీ ఉన్న అసలు రికార్డింగులు, రెండు చోట్ల దాచమనండి. పాటలో ఎవరు వాయించారు, ఎవరు రాశారు, ఎవరికెంత వాటా అన్నది ఒక పేజీలో రాసి సంతకాలు పెట్టించమనండి. ఇప్పుడైతే డబ్బు లేదు కాబట్టి అందరూ నవ్వుతూ పెట్టేస్తారు. డబ్బు వచ్చాక అదే సంతకానికి నెలలు పడుతుంది.

ఆశ పెట్టుకోవచ్చా అన్నారు. నేను పైన చెప్పిన పేర్లన్నీ లేచినవాళ్లవి, లేవనివాళ్ల పేర్లు మనకి తెలియవు కాబట్టి రాయలేదు. వాళ్లు చాలా ఎక్కువ మంది. అందుకని ఆ నాలుగు పాటల మీద ఆశ పెట్టుకుని కూర్చోమని చెప్పను. ఐదో పాట చేయమంటాను. రిక్ ఆస్ట్లీ గురించి రాశాను చూడండి, ఎవరైనా పాత పాట పట్టుకుని వచ్చిన రోజున వినిపించడానికి ఆ ఐదోది ఉండాలి.

నాలుగిటిలో ఏదో ఒకదాని లింక్ ఇక్కడ పెట్టండి. క్రెడిట్లు, పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రేపు సాయంత్రంలోపు చెప్తాను.